బడిలో ఆరోగ్య బృందం

చికిత్సకు పాదములు నాలుగని చరకాచార్యులు ఉపదేశించారు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. గురుకులంలో వల్లించిన ఈ పాఠం నాకు పూర్తిగా బోధపడింది చిత్తూరు జిల్లాలోని ఒక బడిపిల్ల వల్ల.

ఆ బాలికకు మూత్రంలో మంట. ధనియాల కషాయం ఇచ్చాను. తగ్గింది, నెల తిరగకుండానే మళ్ళీ వచ్చింది. మూడవసారి చలిజ్వరం తోడై ఆసుపత్రికి పంపవలసివచ్చింది. బడిలో మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదనీ, అందువల్ల ఆ పిల్ల సాయంత్రం దాకా నీరు ముట్టదనీ తోటి విద్యార్థిని చెప్పింది. మలమూత్ర వేగాలను ఆపరాదని చదివిన నేను ఆ ప్రశ్న అడగనేలేదు!

ఇటువంటి సంగతులు బడిలో ఉన్నవారికే తెలుస్తాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులను, వీలైతే ఒక పురుషుని, ఒక స్త్రీని, ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోవాలన్నారు. వారికి తోడు గ్రామ ఆరోగ్య కార్యకర్త, వంట చేసే ఆమె, ఒక తల్లి, తరగతికి ఇద్దరు పిల్లలు చేరితే చక్కని బృందమవుతుంది.

వారు వారానికొకసారి కూర్చుని విచారించవలసినవి:

1. పిల్లలు నీరు త్రాగుతున్నారా? మరుగుదొడ్డి వాడదగినట్లున్నదా?
2. పరగడుపున బడికి వస్తున్నదెవరు?
3. వారపు ఇనుము మాత్రను భోజనానంతరం మింగుతున్నారా?
4. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో నులిపురుగుల మందు అందనివారెవరు?
5. నల్లబల్లపై అక్షరాలు కనబడనిదెవరికి?

మంటతోపాటు జ్వరం, నడుమునొప్పి ఉంటే కషాయాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యునికి చూపించండి.

ఆ బడి తలుపునకు ఇప్పుడు గడియ ఉన్నది. ఆ బాలికకు మళ్ళీ నా మందు అవసరం కాలేదు.