మందుల చీటీ చేతబట్టుకొని ఎక్కడికి పోవలెను?



కుంఠా నాకాలోని మా సంఘ సభ్యుడొకరు, ఏబది యేండ్లు దాటినవాడు, రక్తపోటు మాత్రలకని మూడు పర్యాయములు మా వద్ద అడ్వాన్సు తీసుకొనెను. నాలుగవసారి అడుగుటకు సిగ్గుపడి, దినమునకొక మాత్ర వేసుకొనవలసినది దినము విడిచి దినము వేసుకొనుచు వచ్చెను. ఆ సంగతి ఇంటిలోనైనను చెప్పలేదు. ఒకనాటి ఉదయము మగ్గము ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్లే ప్రక్కకు ఒరిగెను. ప్రాణము దక్కినది గాని, కుడి చేయి నేటికిని స్వాధీనము కాలేదు. మేము మూడుసార్లు పైకము లెక్కబెట్టి ఇచ్చితిమే గాని, “అన్నా, ఏ మందు? ఎక్కడ కొంటున్నావు?” అని ఒక్కసారియైనను అడుగలేదు. ఆ తప్పు మాది. అందుచేత ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. చీటీ చదువుట

ప్రతి మందునకు రెండు పేర్లుండును. ఒకటి కంపెనీ పెట్టిన పేరు. రెండవది మందు యొక్క అసలు పేరు. చాదరుపై వ్యాపారి అంటించిన లేబులు వంటిది మొదటిది. లోపలి నూలు నంబరు వంటిది రెండవది. డాక్టర్లు అసలు పేరుతో, స్పష్టముగా వ్రాయవలెనని వైద్య మండలి నియమములలో 2016లో చేర్చిరి. చీటీలో ఉన్న కంపెనీ మందును దుకాణదారు తనంతట తాను మార్చి ఇయ్యరాదు. కావున డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడే, “అయ్యా, అసలు పేరుతో వ్రాయండి, జనౌషధి దుకాణములో తీసుకొందుము” అని అడుగవలెను. ఇందులో చిన్నతనమేమియు లేదు.

జనౌషధి పథకము కేంద్ర ప్రభుత్వము 2008లో ఆరంభించినది. మొదటి దుకాణము అమృతసర్‌లో తెరచిరి. కంపెనీ పేరుతో నూరు రూపాయలగు మందు అక్కడ ఏబదికో, అంతకు తక్కువకో దొరకును. రక్తపోటు, చక్కెర వ్యాధి వంటి నెలనెలా కొనవలసిన మందులకు ఈ భేదము సంవత్సరమునకు ఎంతగునో మీరే లెక్క వేసికొనుడు. కొనునప్పుడు మాత్రపై మిల్లీగ్రాముల అంకె చీటీతో సరిపోయినదా, గడువు తేదీ దాటలేదా యని చూచి, బిల్లు తీసుకొనవలెను. మూర్ఛ, థైరాయిడ్ మందులను మాత్రము డాక్టరు నడుగక ఒక కంపెనీ నుండి మరియొక కంపెనీకి మార్చరాదు.

2. కొననక్కరలేని మందులు

క్షయ మందులు ప్రభుత్వమువారు ఉచితముగా ఇత్తురు. రెండు వారములు దాటిన దగ్గును “నూలు దుమ్ము వలన వచ్చినదిలే” అని ఉపేక్షింపక కళ్ళె పరీక్ష చేయించవలెను. చికిత్స జరుగుచున్నంత కాలము పోషకాహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేయుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి.

మహారాష్ట్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులలో చికిత్సను 2023 ఆగస్టు 15 నుండి ఉచితము చేసినది. రక్తపోటు, చక్కెర మాత్రలకు మొదట సర్కారీ దవాఖానాలో అడుగుడు. సివిల్ ఆసుపత్రి వైద్య విద్యా శాఖ క్రిందిది. అక్కడ ఖర్చు భరింపలేనివారు సమాజ సేవా అధికారిని కలిసికొనవలెను.

3. కూలిలో కోత పడుచున్నవారు

పవర్‌లూము, టవలు కార్ఖానాలలో పనిచేయువారు కొందరికి ఈ.యస్.ఐ. పేర కూలిలో కోత ఉండును. 2019 జూలై నుండి అది నూటికి ముప్పాతిక రూపాయి. యజమాని మూడుంబావు కట్టవలెను. ఆ కార్డు పెట్టెలో దాచుకొనుటకు కాదు. పనివానికే గాక భార్యాబిడ్డలకును, ఆసుపత్రిలో చేరనక్కర లేకయే, ఆ దవాఖానాలో మందులు ఇత్తురు. కోత పడుచున్నను కార్డు లేనివారు యజమానిని నంబరు అడుగవలెను.

మన ఇండ్లలో ఆడవారు బీడీలు చుట్టుదురు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము 1976లో వచ్చినది. వారికి వేరే దవాఖానాలు గలవు. గుర్తింపు కార్డు లేని తల్లులు, అక్కలు దానిని ముందు సంపాదింపవలెను.

4. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినపుడు

మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజన 2012లో రాజీవ్ గాంధీ పేర ఎనిమిది జిల్లాలలో మొదలైనది. వానిలో మన షోలాపురము ఒకటి. ఇప్పుడు కుటుంబమునకు ఏటా 5 లక్షల వరకు వర్తించును. రేషన్ కార్డు, ఆధారు కార్డు తీసుకొనిపోయి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరునప్పుడే కలియవలెను. బిల్లు కట్టిన తరువాత కాదు. ఇంటికి పంపిన తరువాత పది దినముల మందులు కూడ అందులోనివే. అయితే నెలనెలా వేసుకొను మాత్రలకు ఇది పనికిరాదు. వానికి పై మార్గములే.

ధర్మాదాయ ట్రస్టుల పెద్ద ఆసుపత్రులు నూటికి పది పడకలు నిరుపేదలకు ఉచితముగను, మరి పది తక్కువ ఆదాయము వారికి రాయితీపైనను ఇయ్యవలెనని బొంబాయి హైకోర్టు 2006లో ఏర్పాటు చేసినది. నిరుపేదల మందుల ఖర్చు కూడ ఆ నిధి నుండియే పోవలెను. తహసీలుదారు ఇచ్చు ఆదాయపు దాఖలా సిద్ధముగా ఉంచుకొనుడు. సహకార ఆసుపత్రులు ట్రస్టులు కావు గనుక, ముందుగా ఏది ట్రస్టో విచారించి పోవలెను.

మా సంఘములో ఇపుడొక నియమము పెట్టుకొంటిమి. మందులకు అడ్వాన్సు అడుగువారు చీటీ కూడ తేవలెను. మేము కలిసి చదివి, ఉచితముగా దొరకునది ఏది, జనౌషధిలో దొరకునది ఏది యని వేరు చేసి, మిగిలినదానికే అడ్వాన్సు ఇత్తుము. తక్కిన సంఘములవారును ఇట్లు చేయవలెనని కోరుచున్నాము. నాలుగవసారి అడుగుటకు ఎవ్వరును సిగ్గుపడవలదు. మాత్ర మానుకొనుటకంటె మా గడప త్రొక్కుట మేలు.

— కార్యదర్శి, చేనేత సహకార సంఘము, కుంఠా నాకా, షోలాపురము