చెవిలో చీము: ఆపరేషన్‌కి ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తల్లి అడుగుతున్నారు. ఏడేళ్ల కొడుక్కి రెండేళ్లుగా జలుబు చేసినప్పుడల్లా ఎడమ చెవి కారుతోంది. కర్ణభేరికి చిల్లు పడిందన్నారు డాక్టరు. పెద్దయ్యాక అదే తగ్గుతుంది, పసివాడి చెవి కోయించొద్దంటున్నారు అత్తగారు. ఎవరి మాట వినాలి?

జవాబు: వయసు కన్నా ముందు చూడాల్సింది, కారేది ఎలా ఉందన్నది. జలుబుతో వచ్చి, మందులకు ఆగిపోయే, వాసన లేని జిగురైతే చిల్లు సాధారణంగా కర్ణభేరి మధ్యలో ఉంటుంది. అప్పుడు అత్తగారి మాటలో సగం న్యాయముంది. పిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే యూస్టేషియన్ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు ఇట్టే చెవికెక్కుతుంది. అందుకే కొందరు సర్జన్లు ఏడెనిమిదేళ్లు నిండేదాకా ఆగుతారు. అయితే రెండు చెవులూ పాడైనా, వినికిడి తగ్గి క్లాసులో పాఠం అందకపోయినా అంతకుముందే చేస్తారు.

చేసేది టింపనోప్లాస్టీ. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పల్చటి పొరను కొంచెం తీసి, చిల్లుకు అతికిస్తారు. టింపనోప్లాస్టీకి 1950లలో జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ రూపమిచ్చారు.

అసలు భయపడాల్సింది కొద్దికొద్దిగానే కారుతూ కుళ్లు కంపు కొట్టే చెవికి. అది కొలెస్టియటోమా కావచ్చు. చర్మపు పొరలు మధ్య చెవిలో పేరుకుని వినికిడి ఎముకల్ని తినేస్తాయి, ముఖ నాడి దాకా, మెదడు దాకా పోగలవు. చుక్కల మందు దాన్ని పోగొట్టదు. చెవి వెనకున్న మాస్టాయిడ్ ఎముకను తొలిచి శుభ్రం చేయాల్సిందే. ఇక్కడ వయసు సాకు చెల్లదు. పైగా పిల్లల్లో ఇది పెద్దలకన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. ఏడాదిలోపే మళ్లీ తెరిచి చూడాలనో, ఎంఆర్ఐ తీయించాలనో సర్జన్ అంటే మొదటి ఆపరేషన్ చెడిందని అర్థం కాదు.

ప్రశ్న: ఆపరేషన్ ఖర్చు భరించలేం, ఏం చేయాలని, చిల్లున్న చెవితో స్నానం సంగతేమిటని యలహంక నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు.

జవాబు: బెంగళూరు విక్టోరియా ఆస్పత్రి ఆవరణలోని శ్రీ వెంకటేశ్వర ఈఎన్‌టీ సంస్థ ప్రభుత్వానిదే. ముందుగా అక్కడ చూపించుకోవచ్చు. ఇక తలంటేటప్పుడు దూదికి వాజలైన్ పట్టించి చెవిలో పెట్టాలి. స్నానం కాగానే తీసేయాలి. డాక్టరు సరేననేదాకా ఈత వద్దు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చిల్లు చెవిలో అసలే పోయకూడదు.

చెవి కారుతున్న పిల్లలకు మూతి వంకరపోయినా, కళ్లు తిరిగినా, జ్వరంతో వాంతులైనా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.