చూసే కన్ను సంపాదించుకోండి

2008 మార్చిలో, అమెరికాలో షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో, పదకొండేళ్ల టావీ గెవిన్సన్ ‘స్టైల్ రూకీ’ అనే బ్లాగు మొదలుపెట్టింది. దొరికిన బట్టల్ని తనకు తోచినట్టు కలిపి వేసుకునేది. ఫొటోలు దిగేది. ఏ డిజైనర్ పని ఎందుకు నచ్చిందో విడమరిచి రాసేది. ఏడాదిన్నర తిరిగేసరికి న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో పేరున్న ఎడిటర్ల సరసన కూర్చుంది. పదిహేనేళ్లకే సొంతంగా ఆన్‌లైన్ పత్రిక పెట్టింది. పద్దెనిమిదేళ్లకు బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కింది.

అదృష్టం కలిసొచ్చిందని చాలామంది అంటారు. అదృష్టం గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాక ఏం నేర్చుకోవాలన్నది మన చేతుల్లోనే ఉంటుంది. ఫ్యాషన్ షో సాధారణంగా పది పదిహేను నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆ కాస్త సమయంలో పదుల కొద్దీ దుస్తులు కళ్లముందు నుంచి సాగిపోతాయి. అందరికీ అదే వెలుతురు, అదే సంగీతం, అవే బట్టలు. అయినా ఒకరు సెల్ఫీలతో ఇంటికి చేరతారు, ఇంకొకరు కొత్త ఆలోచనతో చేరతారు. ఎదిగేది ఆ రెండోవారే. ఈ రంగం మీద ఇష్టం పెంచుకున్న యువతీయువకులకు నేను చెప్పేది ఒక్కటే: నలుగురిలో కనిపించాలని వెళ్లకండి, కళ్లారా చూడాలని వెళ్లండి. అలా చూడటానికి అయిదు అలవాట్లు చేసుకోవాలి.

1. చదువుకుని వెళ్లండి

టావీ ఎంతో అభిమానించిన డిజైనర్లలో జపాన్‌కు చెందిన రేయి కవాకుబో ఒకరు. 1969లో ‘కొమ్ దె గార్సోన్’ సంస్థను స్థాపించిన కవాకుబో 1981 నుంచి పారిస్‌లో షోలు చేస్తున్నారు. 1997 వేసవి కోసం ఆమె చేసిన దుస్తుల్లో భుజం దగ్గర, వీపు మీద, నడుం పక్కన మెత్తలు కుక్కి ఉబ్బెత్తుగా వదిలేశారు. ఏమీ తెలియకుండా చూస్తే అది వింతగానే అనిపిస్తుంది. అందమైన ఒళ్లు అంటే ఇలాగే ఉండాలని ఎవరు చెప్పారని ఆమె నిలదీస్తున్నారని తెలిస్తే, అవే దుస్తులు మనతో మాట్లాడతాయి.

మన దగ్గరి ర్యాంప్‌కూ ఇదే వర్తిస్తుంది. పోచంపల్లి చీరలో రంగు మగ్గం ఎక్కకముందే పుడుతుంది. నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు. ఉప్పాడ జాందానీలో పువ్వును అదనపు పోగుతో మగ్గం మీదే చేత్తో నేస్తారు. ఈ రెండు సంగతులు తెలిసినవారు చీర అంచు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగుతారు. ఆ ఒక్క క్షణంలోనే నేర్చుకోవడం మొదలవుతుంది. కాబట్టి షోకి ముందు రోజు ఓ గంట కేటాయించి డిజైనర్ పాత పని చూడండి. ఆ బట్ట ఎక్కడిదో, ఎలా తయారవుతుందో తెలుసుకోండి.

2. పేరును కాదు, పనిని చూడండి

న్యూయార్క్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బిల్ కనింగ్‌హామ్ దశాబ్దాల పాటు సైకిల్ మీద తిరుగుతూ వీధుల్లోనూ, షోల్లోనూ జనం వేసుకున్న బట్టల్ని ఫొటోలు తీశారు. 1978లో ఒక రోజు వీధిలో వెళ్తున్న ఒకామె కోటుకు భుజం కట్ చూసి ఆగిపోయి, వరసగా ఫొటోలు తీశారు. ఆమె ఎవరో ఆయన గమనించనేలేదు. తీరా చూస్తే ఆమె ప్రఖ్యాత నటి గ్రెటా గార్బో. ఆ ఫొటో పత్రికలో అచ్చయ్యాక ఆయన దశే తిరిగింది. గార్బో కోసం ఎదురుచూసినవారు ఎందరో ఉండి ఉంటారు. ఆ కుట్టు పనితనానికి ముగ్ధులైనవారు ఆయనొక్కరే.

షోలో అన్నీ చూడాలని ఆరాటపడకండి. ఈ రోజు దుస్తుల చేతులు మాత్రమే చూస్తాననో, రంగుల పొందిక మాత్రమే చూస్తాననో ముందే నిర్ణయించుకోండి. ఒక్కదాని మీద నిలిచిన చూపు, ఫోన్ నింపుకొచ్చే వంద ఫొటోల కన్నా ఎక్కువ నేర్పుతుంది. ఆ రాత్రి నిద్రపోకముందే ఒక పేజీ రాయండి. ‘చాలా బాగుంది’ అన్న మాట వాడకుండా రాయండి. ఎందుకు బాగుందో అప్పుడు మీ అంతట మీకే తెలుస్తుంది.

3. విమర్శను వేరుచేసి చూడండి

2010 జనవరిలో పారిస్‌లో జరిగిన డియోర్ షోకి టావీ తలమీద పెద్ద గులాబీ రంగు బో ఆకారపు టోపీ పెట్టుకుని వెళ్లింది. మొదటి వరసలో కూర్చుంది. తన ముందున్న పదమూడేళ్ల పిల్ల టోపీలోంచి షో చూడాల్సివస్తోందని వెనక కూర్చున్న ఓ ఎడిటర్ ట్విటర్‌లో విసుక్కుంది. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. ఇంత చిన్నపిల్లకు మొదటి వరసా అన్నవారున్నారు. ఆ బ్లాగు రాతలు నిజంగా ఆమెవేనా అని అనుమానించినవారూ ఉన్నారు.

ఇలాంటప్పుడు విమర్శను రెండుగా విడదీయండి. వెనకవారికి అడ్డం వచ్చావన్నది మన పనికి తగిలిన మాట. దాన్ని ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. నీ వయసేంటి, ఇక్కడ నీకేం పని అన్నది మన ఉనికి మీద విసిరిన మాట. దానికి జవాబు చెప్పాల్సింది తర్వాత చేసే పనితోనే. టావీ రాయడం ఆపలేదు. ఎదిగే వయసులో ఉన్న ప్రతి అమ్మాయీ ఈ విడదీయడం నేర్చుకోవాలని నా గట్టి కోరిక.

4. పుచ్చుకున్నదానికి లెక్క చెప్పండి

షోలకు వెళ్లేకొద్దీ ఆహ్వానాలు, బహుమతులు, ఉచిత బట్టలు వస్తాయి. అక్కడే మన నిజాయితీకి పరీక్ష. ఊరికే వచ్చిన వస్తువుల గురించి రాసే బ్లాగర్లు ఆ సంగతి వెల్లడించాలని అమెరికాలో 2009 డిసెంబర్‌లో మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు అలాంటి నియమాలే పెట్టింది. కనింగ్‌హామ్ ఇంకా కఠినంగా ఉండేవారు. ఫొటోలు తీయడానికి వెళ్లిన విందుల్లో గ్లాసు మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. అంత నిష్ఠ అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కానీ ‘ఇది నాకు ఉచితంగా ఇచ్చారు’ అని ఒక్క వాక్యం రాయడం అందరికీ సాధ్యమే. మీ మాటకు విలువ నిలబెట్టేది ఆ వాక్యమే.

5. ప్రశ్న మారితే దారి మార్చండి

టావీ కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ మలుపు. బట్టల్ని శ్రద్ధగా చూసిన కన్ను, వాటిని వేసుకునే అమ్మాయిల జీవితాల్నీ చూడటం మొదలుపెట్టింది. టీనేజీ ఆడపిల్లల మనసును గౌరవించే పత్రిక ఎందుకు లేదన్న ప్రశ్న మొలిచింది. 2011 సెప్టెంబర్‌లో ‘రూకీ’ పత్రిక వచ్చింది. బడి వదిలాక, రాత్రి భోజనం వేళ, నిద్రకు ముందు కొత్త రచనలు పెట్టేవారు. చదివే అమ్మాయిల దినచర్యే ఆ పత్రికకు గడియారమైంది. 2018లో, డబ్బు కూడగట్టుకుని నడపడంలో ఉన్న చిక్కుల్ని పాఠకులకు దాపరికం లేకుండా వివరించి పత్రికను ఆపేసింది. మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో, గౌరవంగా ముగించడానికీ అంతే కావాలి. షోలే లోకమని అక్కడే ఉండిపోయి ఉంటే ఈ ఎదుగుదల ఉండేది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పారిస్ వెళ్లాల్సిన పని లేదు. హైదరాబాద్ నిఫ్ట్ లాంటి సంస్థల్లో చదువు పూర్తిచేసే విద్యార్థులు తమ పనిని ర్యాంప్ మీద చూపిస్తారు. రేపటి డిజైనర్ల తొలి అడుగులు అక్కడే పడతాయి. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది. ఆ సందర్భంగా జరిగే ప్రదర్శనలకు వెళ్లండి, అక్కడ నేతన్నలే స్వయంగా ఉంటే మరీ మంచిది. ‘ఈ పనికి ఎన్నాళ్లు పట్టింది అన్నా?’ అని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. విన్నది రాసుకోండి. రాసినదాన్ని ఆరు నెలల తర్వాత మళ్లీ చదవండి. రాసిన రోజు మీకు తట్టని ప్రశ్నలు మళ్లీ చదివేటప్పుడు తడుతుంటే, మీరు ఎదిగినట్టే. మీకు దగ్గర్లో జరగబోయే ప్రదర్శన తేదీ ఈ వారమే కనుక్కోండి. నోట్‌బుక్ తీసుకుని బయల్దేరండి.