ఎస్సై మీద విచారణ: సాక్షి వెళ్లకపోతే చార్జి నిలవదు

ప్రశ్న: మా తమ్ముడు ట్రాక్టర్ డ్రైవరు. ఇసుక బండి గొడవలో ఎస్సై స్టేషన్‌కి పిలిపించి, రాత్రంతా ఉంచి కొట్టాడు. కేసంటూ ఏమీ పెట్టలేదు. సోమవారం గ్రీవెన్సులో ఎస్పీ గారికి అర్జీ ఇచ్చాం. నెలలు గడిచాక ఇప్పుడు డీఎస్పీ ఆఫీసు నుంచి మెమో వచ్చింది, ఓఈలో సాక్ష్యం చెప్పడానికి రమ్మని. పోలీసు మీద పోలీసే విచారణ చేస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా, వెళ్లడం దండగ అంటున్నారు ఊళ్లో. ఇంకో మాట. మా అమ్మాయి ఎల్ఎల్‌బీ మూడో ఏడు చదువుతోంది. ఇలాంటి విచారణల్లో తీర్పు చెప్పే ఉద్యోగం లాయర్లకు ఉంటుందా అని అడగమంది.

జవాబు: వెళ్లండి. తమ్ముణ్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లండి. ఊళ్లోవాళ్ల అనుమానం పూర్తిగా తప్పని నేననను. కానీ మీరు మానేస్తే ఆ అనుమానాన్ని మీ చేతులతో మీరే నిజం చేసినట్టవుతుంది.

ఓఈ అంటే ఓరల్ ఎంక్వైరీ. మీ అర్జీ అందగానే ఎవరో సీఐ వచ్చి మీ వాంగ్మూలం రాసుకుని ఉంటారు. అది ప్రాథమిక విచారణ. దాని ఆధారంగా ఎస్సైకి చార్జి మెమో ఇస్తారు. అందులో ఆరోపణలు, వాటికి ఆధారాలైన కాగితాల జాబితా, సాక్షుల జాబితా ఉంటాయి. ఆరోపణలు నిజం కాదని ఎస్సై రాసిస్తే అసలు విచారణ మొదలవుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ దీనికి ఆధారం 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాలు. వాటిలో 20వ నియమం ప్రకారం విచారణ జరపకుండా మామూలుగా పెద్ద శిక్ష వేయడానికి వీల్లేదు. అంటే మీ చేతిలో ఉన్న మెమో ఉత్తుత్తి కాగితం కాదు. సాక్షుల జాబితాలో మీ పేరుంది.

వెళ్లకపోతే ఏమవుతుందో ఢిల్లీ కానిస్టేబుల్ కుల్‌దీప్ సింగ్ కేసు చూస్తే తెలుస్తుంది. కూలీలకు రావాల్సిన డబ్బులో కొంత నొక్కేశాడని అతని మీద అభియోగం. ఫిర్యాదు చేసిన కూలీలు విచారణకు రాలేదు. వాళ్లు మొదట ఇచ్చిన వాంగ్మూలాన్నే సాక్ష్యంగా తీసుకుని అతణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు. 1998 చివర్లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఎదుటివాడు ప్రశ్నించే అవకాశం లేని మాట సాక్ష్యం కాదంది. చట్టపరంగా చూస్తే అది సరైన తీర్పే, నేను వేలెత్తి చూపను. కూలీలు ఆ రోజు రాకపోవడం వెనక అసలు కారణమేమిటో మాత్రం నాకు తెలియదు. కూలి పోతుందనో, భయపడో, ఎవరో సర్దిచెప్పో... మన ఊళ్లలోనూ అవే కారణాలు.

వెళితే గెలుస్తామా అంటే, క్రిమినల్ కోర్టులో కంటే ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. ఆ సూత్రం స్థిరపడిన కేసు మన నిడదవోలు స్టేషన్‌దే. ఒక మనిషిని అక్రమంగా నిర్బంధించిన వ్యవహారంలో అక్కడి ఎస్సైని డిస్మిస్ చేస్తే హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ శ్రీరామారావు అని 1963 నుంచి ఇవాళ్టి దాకా దేశంలోని ప్రతి సర్వీసు లాయరూ ఉదహరించే కేసు అదే. శాఖాపరమైన విచారణలో నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదని, హైకోర్టు అప్పీలు కోర్టులా కూర్చుని సాక్ష్యాన్ని మళ్లీ తూచకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యం చూపిస్తే చాలు. రేపు ఎస్సై మీద క్రిమినల్ కేసు కొట్టేసినా ఈ విచారణ దానంతటదే పోదు.

ఇక విచారణ రోజు. కోర్టు హాలును ఊహించుకోకండి. డీఎస్పీ గది, ఒక బల్ల, టైపు చేసే రైటరు, శాఖ తరఫున ప్రెజెంటింగ్ ఆఫీసరు ఉంటే ఆయన, ఎదురుగా ఎస్సై. తమ్ముణ్ని కొట్టిన మనిషి రెండడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉంటాడు. చాలామంది సాక్షులకు నోరు పెగలనిది అక్కడే. ముందే మనసులో పెట్టుకుని వెళ్లండి. మొదట మీ చేత జరిగింది చెప్పిస్తారు. తర్వాత ఎస్సై గానీ, అతనికి సాయంగా వచ్చిన తోటి ఉద్యోగి గానీ ప్రశ్నలు వేస్తారు. మామూలుగా లాయరును రానివ్వరు, అతనికైనా మీకైనా. 'మీ తమ్ముడు ఆ రోజు తాగి ఉన్నాడా?', 'దెబ్బలు ట్రాక్టరు మీంచి పడితే తగిలినవి కావా?', 'ఫలానా నాయకుడు చెబితే అర్జీ పెట్టారు కదా?' ఇలాంటివే వస్తాయి. కోపం తెచ్చుకోకుండా తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పండి. చూడనిది చూశానని ఒక్క మాట అన్నా మిగతా సాక్ష్యం మీదికి నీడ పడుతుంది.

రైటరు టైపు చేసింది మీ మాటేనా? సంతకం పెట్టే ముందు చదివించుకోండి. 'లాఠీతో అరికాళ్ల మీద కొట్టాడు' అని మీరు చెబితే 'చేయి చేసుకున్నాడు' అని కాగితం మీద పడిందనుకోండి, శిక్ష ఒక మెట్టు దిగినట్టే. దిద్దమని అడగడం మీ హక్కు. తెల్లకాగితం మీద, ఖాళీలు వదిలిన కాగితం మీద సంతకం వద్దే వద్దు. ఆ తేదీకి రాలేకపోతే ముందే వాయిదా కోరుతూ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

కాగితాల్లో మొదటిది ప్రభుత్వ ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్. రెండోది సీసీ కెమెరా. ప్రతి స్టేషన్‌లోనూ లాకప్పు, వరండాలతో సహా కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని, అంత వీలు కాని చోట కనీసం ఏడాదైనా ఉంచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రాత్రి ఫుటేజీ భద్రపరచాలని ఎస్పీకి, విచారణాధికారికి ఇవాళే రాసివ్వండి. కెమెరా పనిచేయలేదని జవాబొస్తే అదీ లిఖితపూర్వకంగా అడగండి. సరిగ్గా ఆ రాత్రే కెమెరా ఎందుకు చెడిపోయిందో చెప్పుకోవాల్సింది వాళ్లు.

ఈలోగా పెద్దమనుషులు రాకుండా ఉండరు. 'వాడి పిల్లలు రోడ్డున పడతారు, పోనీలెద్దూ' అంటారు. రాజీ పడటం, పడకపోవడం మీ ఇష్టం. కానీ అర్జీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన చార్జి మెమో రద్దయిపోదు. విచారణలో ప్లేటు ఫిరాయిస్తే మాత్రం కథ అక్కడితో సరి.

ఇప్పుడు అసలు సందేహం. పోలీసు మీద పోలీసు తీర్పరి అయితే ఎలా? మొదటిది, డీఎస్పీ శిక్ష వేయరు. నివేదిక ఇస్తారంతే. శిక్ష వేసేది పై అధికారి. నియమించిన అధికారి కంటే కిందివాళ్లు ఎవర్నీ డిస్మిస్ చేయకూడదని రాజ్యాంగం 311వ అధికరణమే చెబుతోంది. ఆ నివేదిక ప్రతిని నిందితుడికి ఇచ్చి, అతని జవాబు విన్నాకే నిర్ణయించాలి. ఇది మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇవన్నీ ఎస్సైకి రక్షణలు కదా, మాకేమిటి అంటారా? వీటిలో ఒక్కటి తప్పినా శిక్ష హైకోర్టులో ఎగిరిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి నియమం తప్పకుండా చూసుకోవడం మీకూ అవసరమే.

రెండోది, విచారణాధికారి ఆ గదిలో శాఖ మనిషి కాదు, న్యాయం చెప్పే మనిషి. ఉత్తరప్రదేశ్‌లో మహమ్మద్ నూహ్ అనే హెడ్ కానిస్టేబుల్ మీద విచారణ జరుపుతున్న అధికారే మధ్యలో లేచి తనే సాక్ష్యం చెప్పి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుని డిస్మిస్ చేశాడు. ఇదేం న్యాయమని సుప్రీంకోర్టు విస్తుపోయింది. అయినా ఆ ఉత్తర్వు రాజ్యాంగం రాకముందు 1948 నాటిది కావడంతో మెజారిటీ న్యాయమూర్తులు అతనికి ఉపశమనం ఇవ్వలేమన్నారు. సూత్రం మాత్రం మనకు మిగిలింది. మీ విచారణాధికారికి ఆ ఎస్సైతో బంధుత్వమో, ఈ గొడవలో ప్రమేయమో ఉందని మీకు గట్టిగా తెలిస్తే విచారణ మొదలయ్యే ముందే అధికారిని మార్చమని ఎస్పీకి రాయండి. నివేదిక వచ్చాక అంటే ఎవరూ వినరు.

ఇన్ని చెప్పినా ఊళ్లోవాళ్ల మాటలో పస ఉంది. కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు, నిందితులే దాడి చేశారని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది.

మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లోనే సుప్రీంకోర్టు పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా అథారిటీ, దానికి రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడు. ఎస్పీ, ఆ పైవాళ్ల మీద రాష్ట్ర అథారిటీ, దానికి రిటైరైన హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి. కస్టడీలో చావు, తీవ్ర గాయం, అత్యాచారం లాంటివి రెండూ చూస్తాయి. బలవంతపు వసూళ్లు, భూ కబ్జాలు, అధికార దుర్వినియోగం జిల్లా అథారిటీ పరిధిలోకి వస్తాయి. వాళ్ల సిఫార్సు ప్రభుత్వం పాటించి తీరాలన్నది కోర్టు మాట. రాష్ట్రాలు దీన్ని ఎంత మనస్ఫూర్తిగా అమలు చేశాయో పత్రికలు చదివేవారికి చెప్పక్కర్లేదు. అర్జీ పెట్టే ముందు మీ దగ్గర అథారిటీ ఉందా, ఉంటే కుర్చీ నిండి ఉందా, ఖాళీయా అని కనుక్కోండి.

ఓఈలో ఎస్సైకి శిక్ష పడితే అతనికి పై అధికారి దగ్గర అప్పీలుంది, ఆ తర్వాత హైకోర్టు ఉంది. ఒకప్పుడు మధ్యలో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. మీకు మాత్రం అప్పీలు లేదు. ఇంక్రిమెంటు ఆపి వదిలేసినా, అసలు తప్పే లేదన్నా ఈ నియమాల ప్రకారం మీరు సాక్షి మాత్రమే. నాకు మింగుడుపడని సంగతి ఇదే. దెబ్బలు తిన్నవాడికి ఆ నివేదిక ప్రతి అందే ఏర్పాటు కూడా లేదు. మీ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగండి. ఎస్సై సర్వీసు కాగితాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు.

కాబట్టి ఈ ఒక్క విచారణ మీదే భారం వేయకండి. మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాది లోపే రాయాలి. తెలంగాణ కమిషన్ హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ కమిషన్ కర్నూలులో ఉన్నాయి. నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో కొట్టడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద నేరం. ఏడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా జైలు. స్టేషన్‌లో కేసు కట్టకపోతే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు. లాయరు ఫీజుకు వెనకాడుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోన్ నంబరు 15100.

మీ అమ్మాయి ప్రశ్న నాకు నచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో అచ్చంగా అలాంటి పనే ఉండేది. 2016 జనవరి నుంచి పోలీసుల మీద తీవ్రమైన అభియోగాల విచారణకు పోలీసు శాఖతో సంబంధం లేని లాయరు అధ్యక్షత వహించేవారు. అంతకుముందు ఏడాదే ఆ విచారణలను జనం వచ్చి చూసేలా తలుపులు తెరిచారు. అయితే చెడ్డ పోలీసును తీసేసే అధికారం మా చేతిలో లేకుండా పోయిందని చీఫ్ కానిస్టేబుళ్లు మొత్తుకున్నారు. 2024 మేలో అధ్యక్ష స్థానం మళ్లీ పోలీసు ఉన్నతాధికారులకే ఇచ్చి, లాయరును సలహాదారుగా పక్కన కూర్చోబెట్టారు. అప్పీలు ట్రిబ్యునల్‌కు మాత్రం ఇప్పటికీ లాయరే అధ్యక్షుడు. వాళ్లు ఒకడుగు వెనక్కి వేసినా, డీఎస్పీ పక్కన చట్టం చదివిన మనిషి ఒకరుండటమే మనకు గొప్ప మార్పవుతుందని నా అభిప్రాయం. ఇది మనకు మరీ కొత్త కూడా కాదు. అవినీతి ఆరోపణలున్న ఉద్యోగుల కోసం 1960లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి, న్యాయాధికారి అధ్యక్షతన క్రమశిక్షణ విచారణల ట్రిబ్యునల్ పెట్టింది.

ఇక్కడ పట్టా రాగానే నేరుగా దొరికే కుర్చీ కాదది. ఫిర్యాదుల అథారిటీకి వెళ్లేది రిటైరైన జడ్జీలు, కాబట్టి మార్గం జ్యుడీషియల్ సర్వీసే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తిరిగి నిబంధన పెట్టింది. జిల్లా జడ్జి పోస్టుకు బార్ నుంచి నేరుగా వెళ్లాలంటే ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. ఆ మూడేళ్లూ హైకోర్టులో సర్వీసు మ్యాటర్లు చేసే సీనియర్ దగ్గర చేరమనండి. అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పోయాక పోలీసుల సస్పెన్షన్లు, డిస్మిస్‌లు అన్నీ అక్కడికే వస్తున్నాయి. ఎస్సైల తరఫునా వాదించాల్సి వస్తుంది, అందుకు సంకోచపడొద్దనండి. విచారణ ఫైలు ఎక్కడెక్కడ బీటలిస్తుందో ఆ వైపు కూర్చుంటేనే బాగా తెలుస్తుంది.