సంవత్సరపు ఉత్తమ ట్రాక్టరు ఎట్లు నిర్ణయింపదగును?

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, మాదాపురము చెంత, హైటెక్స్ అను ప్రదర్శనశాల గలదు. అచ్చట వ్యవసాయ యంత్రముల ప్రదర్శన జరుగునప్పుడు జిల్లాల నుండి పట్టేదారులు వచ్చి, వరుసగా నిలిపిన ట్రాక్టరులను చూచి, వాని రంగునకును మెరుగునకును సంతోషించి, ధరలు విచారించి పోవుట పరిపాటి. కొన్నిటి మీద సంవత్సరపు ఉత్తమ ట్రాక్టరు అను బిరుదు వ్రాసిన పలక కానవచ్చును. ఆ బిరుదు ఎవ్వరు ఇచ్చిరి, ఏ కొలతతో ఇచ్చిరి అని యడుగువారు మిక్కిలి తక్కువ.

ట్రాక్టరు కొనుట ఎద్దుల జత కొనుట వంటిది కాదు. పెక్కురు అప్పు తీసి, కొందరు పట్టా భూమిని సైతము కుదువబెట్టి, ఏండ్ల తరబడి కిస్తులు చెల్లించుటకు ఒప్పుకొని కొనుచున్నారు. యంత్రము తగినది కాకపోయెనేని ఆ భారము యంత్రము చేయు వారిపై పడదు, పలక ఇచ్చిన వారిపై అసలే పడదు. రైతు పైననే పడును. కావున బిరుదు ఇచ్చువారు ఏయే అంశములు చూడవలెనో, కొను రైతు కూడ వానినే చూడనేర్చుట యవసరము.

మన దేశమున 2019వ సంవత్సరము నుండి ఇండియన్ ట్రాక్టర్ ఆఫ్ ది ఇయర్ అను పేర నిట్టి బిరుదులు ఇయ్యబడుచున్నవి. ఐరోపా ఖండమున 1998 నుండి కృషి పత్రికల విలేకరులు కూడి యిట్టి నిర్ణయమే చేయుచున్నారు. మన దేశపు బిరుదులు అశ్వశక్తిని బట్టి తరగతులుగా విభజింపబడినవి. ఇది న్యాయమైన పద్ధతి. 20 అశ్వశక్తుల తోట ట్రాక్టరును 60 అశ్వశక్తుల దానితో పోల్చుట మేకను దున్నపోతు నొక త్రాసున తూచినట్లగును. నిర్ణేతల మండలితో పాటు ప్రజల వోట్లు కూడ గైకొనుట గలదు. ఈ విషయమున మాత్రము కొంత జాగ్రత్త వలయును. ఎక్కువ అమ్ముడుపోయిన బండిని ఎక్కువమంది ఎరుగుదురు. ఎరిగిన దానికే వోటు వేయుదురు. చేతి ఫోనులో వ్రేలు నొక్కువానికి బండి ముఖము తెలిసియుండును గాని దాని నడక తెలియునను నమ్మకము లేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. అమెరికా దేశమున నెబ్రాస్కా అను రాష్ట్రమున విల్మట్ క్రోజియర్ అను నొక రైతు, నూరేండ్లకు పూర్వమే, ప్రకటనలు నమ్మి ట్రాక్టరు కొని మోసపోయెను. అది చెప్పిన పనిలో సగమైనను చేయక మాటిమాటికి చెడిపోవుచుండెను. అతడు ఊరకుండక శాసనసభకు ఎన్నికై, 1919లో నొక చట్టమును చేయించుటకు కారకుడయ్యెను. ఆ రాష్ట్రమున అమ్మదలచిన ప్రతి నమూనా ట్రాక్టరును విశ్వవిద్యాలయమున పరీక్షింపబడవలెననియు, అమ్మువారు మరమ్మతు సామానులను రాష్ట్రములోనే నిలువ యుంచవలెననియు ఆ చట్టము విధించెను. 1920లో పరీక్షలు మొదలయ్యెను. యంత్రము యొక్క శక్తిని తయారుచేసినవాడు చెప్పుట వేరు, మూడవవాడు కొలిచి చెప్పుట వేరు అను సంగతి నాటి నుండి లోకమునకు స్థిరపడినది.

మన దేశమున ఈ పనికి మధ్యప్రదేశములోని బుద్ని యందు 1955లో స్థాపింపబడిన కేంద్ర సంస్థ ముఖ్యమైనది. దక్షిణ దేశమునకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కృషి యంత్రముల శిక్షణకును పరీక్షకును ఒక సంస్థ గలదు. పరీక్ష ముగిసిన పిమ్మట ఒక నివేదిక వెలువడును. ఆ నివేదిక చూడక ఇచ్చిన బిరుదు పంచాంగము చూడక పెట్టిన ముహూర్తము వంటిది.

నివేదికలో రైతు మొదట చూడవలసినది శక్తి. బండి ముక్కు మీద వ్రాసిన అశ్వశక్తి సాధారణముగా ఇంజనుది. ఆ శక్తి యంతయు చేనిలోనికి రాదు. కొంత గేరులయందును, కొంత చక్రము నేలపై జారుటయందును ఖర్చగును. మిగిలినదే రైతుకు దక్కును. అది రెండు త్రోవల వచ్చును: నాగళ్లను, గుంటకలను, ట్రాలీని లాగు శక్తి యొకటి, వెనుక నిమిషమునకు 540 చుట్లు తిరుగు పి.టి.ఓ. కడ్డీ ద్వారా రోటావేటరును, నూర్పిడి యంత్రమును త్రిప్పు శక్తి మరియొకటి. రోటావేటరు ఎక్కువగా వాడు రైతునకు పి.టి.ఓ. అంకె ముఖ్యము. లోతు దుక్కి చేయువానికి లాగుడు అంకె ముఖ్యము.

లాగుడు శక్తిని లెక్కించుట కష్టము కాదు. సెకనుకు 75 కిలోల బలముతో ఒక మీటరు లాగినచో అది ఒక అశ్వశక్తి. ఒక ట్రాక్టరు కల్టివేటరును 1,200 కిలోల బలముతో లాగుచు గంటకు నాలుగున్నర కిలోమీటర్లు, అనగా సెకనుకు 1.25 మీటర్లు, నడచెననుకొనుడు. 1,200ను 1.25 చేత హెచ్చించి 75 చేత భాగింపగా 20 వచ్చును. ముక్కు మీద 45 అని యున్నను ఆ చేనిలో ఆ పనికి అది 20 అశ్వశక్తులు మాత్రమే ఇచ్చుచున్నదన్నమాట. ఇందులో మోసమేమియు లేదు. కాని రెండు బండ్లు ముక్కు మీద 45 అని వ్రాసికొని, ఒకటి 20, మరియొకటి 24 ఇచ్చెనేని, ఉత్తమమైనది ఏదో వేరుగా చెప్ప నక్కరలేదు.

చక్రము జారుటను రైతు తన చేనిలో తానే కొలువవచ్చును. వెనుక చక్రముపై సుద్దతో ఒక గీత గీసి, పనిముట్టును పైకెత్తి, పది చుట్లు తిరుగు వరకు నడిపి దూరము కొలువవలెను. అది 40 మీటర్లు వచ్చెననుకొనుడు. పిదప పనిముట్టు దించి దున్నుచు మరల పది చుట్లు కొలువగా 34 మీటర్లే వచ్చెనేని, నూటికి 15 వంతులు జారినదని యర్థము. అంతకు మించి జారుచున్నచో డీజిలు నేలను గీకుటకే పోవుచున్నది, చక్రపు రబ్బరును అరుగుచున్నది. చక్రములకు బరువు కట్టుటయో, పనిముట్టు వెడల్పు తగ్గించుటయో చేయవలెను.

ఈ జారుట నేలను బట్టి మారును. పటాన్‌చెరు చెంత 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ ఆవరణలో ఎర్ర చల్కయు, నల్లరేగడియు రెండును పరిశోధనకు ఉపయోగపడుచున్నవి. చల్కలో చక్కగా పట్టు దొరికిన చక్రమే వాన తడిసిన రేగడిలో బంకమన్ను చుట్టుకొని జారును. ఎండిన రేగడి ఇనుమువలె గట్టిపడి నాగలిని పట్టి నిలుపును. కావున రెండు నేలలయందును పరీక్షింపక ఒక బండిని తెలుగు నేలకంతకు ఉత్తమమని చెప్పుట సాహసము. ప్రదర్శనశాల సంగతి వేరుగా చెప్పవలయునా? మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి పొలములలో ఒకప్పుడు నాగళ్లు నడచినవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప ఆ నేల యంతయు మేడలక్రిందికి పోయినది. నేడు అచ్చటికి వచ్చు ట్రాక్టరు సిమెంటు గచ్చు మీద నిలుచును. గచ్చు మీద ఏ చక్రమును జారదు.

ఇక డీజిలు. అమ్మువాడు గంటకు ఇన్ని లీటర్లే త్రాగునని చెప్పును. గంట లెక్క రైతును తప్పుదారి పట్టించును. ఎకరము లెక్కయే సరియైనది. ఒక బండి గంటకు 4 లీటర్లు త్రాగి ఎకరమును గంటన్నరలో దున్నెను. మరియొకటి గంటకు 5 లీటర్లు త్రాగి ఎకరమును గంటలో ముగించెను. మొదటిది 6 లీటర్లును, రెండవది 5 లీటర్లును తీసికొన్నవి. డ్రైవరు కూలి సైతము రెండవ దానికే తక్కువ. కొలుచునప్పుడు బండిని చదునైన చోట నిలిపి ట్యాంకును అంచు వరకు నింపి, ఎకరము దున్ని, అదే చోటికి తెచ్చి మరల అంచు వరకు నింపవలెను. రెండవసారి పోసిన డీజిలే ఖర్చు. రెండు బండ్లకును ఒకే చేను, ఒకే పనిముట్టు, ఒకే లోతు ఉండవలెను. లోతు తగ్గించి డీజిలు తక్కువ చూపుట పాత ఉపాయము. కావున కొలకర్రతో చాలు లోతును నాలుగైదు చోట్ల చూడవలెను.

చెరువుల క్రిందను బావుల క్రిందను వరి పండించువారు మరియొకటి తప్పక విచారింపవలెను. కరిగెట, అనగా దమ్ము, చేయునప్పుడు ఇనుప కేజి చక్రములు తగిలించిన బండి ఇరుసు వరకు బురదలో మునుగును. సీళ్లు మంచివి కానిచో నీరును ఒండ్రును బ్రేకులలోనికిని ఇరుసు నూనెలోనికిని చొరబడును. ఆ దినమున ఏమియు తెలియదు. మరుసటి ఏడు గేరులు అరిగి శబ్దము చేయునప్పుడు తెలియును. బుద్ని పరీక్షలో బురద పని చేయించి నీరు చొచ్చినదా లేదా యని చూచుట గలదు. ఈ ఒక్క పంక్తి కొరకైనను నివేదిక తెప్పించి చదువుట మేలు.

బ్రేకులు, ఎత్తు సామర్థ్యము, డ్రైవరు చెవికి సోకు చప్పుడు, తిరుగుటకు పట్టు స్థలము, ఇవన్నియు నివేదికలో నుండును. 50 అశ్వశక్తులకు మించిన వానికి 2023 జనవరి నుండి పొగను గూర్చిన క్రొత్త నిబంధనలు వచ్చినవి; అట్టి ఇంజనులలో విద్యుత్ పరికరములు హెచ్చు గనుక ఊరి మిస్త్రీ చేతికి అన్ని మరమ్మతులు లొంగవు.

మరమ్మతు మాట వచ్చినది గనుక చెప్పవలసినది గలదు. జహీరాబాదులో మహీంద్రా వారి ట్రాక్టరు కర్మాగారము 2013లో ప్రారంభమైనది. కర్మాగారము దగ్గర నున్నంత మాత్రమున సామాను దగ్గర నున్నదని యనుకొనరాదు. ఏ కంపెనీకైనను ఇదియే మాట. మృగశిర వానకు పదను వచ్చిన నాలుగు దినములలో విత్తనము పడవలెను. ఆ నాలుగు దినములు ఒక చిన్న బేరింగు కొరకు బండి నిలిచిపోయెనేని ఆ సంవత్సరపు జొన్న, పత్తి, కంది అన్నియు వెనుకబడును. బిరుదు నిర్ణయించువారు తమ కార్యాలయమున కూర్చుండక, రెండు మూడు మారుమూల మండలములలో దుకాణములకు పోయి, క్లచ్చు పలక, నూనె వడపోత, పంపు సామాను అడిగి, ఎన్ని దినములకు దొరకునో వ్రాసికొనవలెను. నెబ్రాస్కా చట్టము నూరేండ్ల క్రిందటనే దీనిని గుర్తించినది. మన బిరుదులలో దీనికి తగిన చోటు ఇయ్యవలసి యున్నది.

నూరు మార్కులు పంచవలసి వచ్చినచో, ఎకరమునకైన డీజిలుకు 25, లాగుడునకును పి.టి.ఓ.కును కలిపి 20, సామాను మరమ్మతులకు 25, బురదలో మన్నికకు 15, డ్రైవరు క్షేమమునకు 10 ఇచ్చి, తక్కిన 5 మాత్రమే రూపునకును క్రొత్త హంగులకును విడుచుట తగును. మెట్ట రైతులు బురద మార్కులను లాగుడునకు మార్చుకొనవచ్చును.

మార్కులు ఎన్ని వచ్చినను, రైతు తన పని యెన్ని గంటలో లెక్క చూడక కొనరాదు. 8,00,000 రూపాయల బండి పదేండ్లకు 1,00,000కు అమ్ముడుపోవుననుకొన్నచో ఏటికి 70,000 తరుగుదల. ఏటికి 1,000 గంటలు నడిపినచో గంటకు 70 రూపాయలు పడును. 350 గంటలే నడిపినచో 200 పడును. వడ్డీ, డీజిలు, కూలి దీనికి వేరు. పది పన్నెండు ఎకరముల పట్టేదారు తన చేనికి తోడు ఇరుగుపొరుగు చేలను కిరాయికి దున్నినగాని ఈ లెక్క సరిపడదు. అట్లు కిరాయి దొరకని గ్రామమున ఉత్తమ ట్రాక్టరును కొనుట కంటె, దున్నించుకొని ఎకరమునకింత అని ఇచ్చుటయే లాభము.

కొనుటకు నిశ్చయించినవారు బయానా ఇయ్యక ముందే పరీక్షా నివేదిక సంఖ్యను, సంవత్సరమును అడిగి, నివేదికలోని నమూనా పేరును బండి మీది పేరుతో అక్షరము అక్షరము సరిచూచుకొనవలెను. పేరు చివర నొక అక్షరమో అంకెయో మారిన బండి వేరొక నమూనా కావచ్చును. సరిచూచిన పిమ్మట బండిని తమ చేనికి తెప్పించుకొని, తమ పనిముట్టుతో, ఒక పూట దున్నించి చూడవలెను. అందుకు ఒప్పుకొనని దుకాణదారుని వద్ద బేరము అక్కడితో నిలుపుట మంచిది.