కర్రసాము – పిల్లల శిక్షణ
పాఠము: 1 కొరింథీ 9:24–27



గత వేసవిలో మా సంఘములోని యొక తల్లి సాయంకాల ప్రార్థన ముగిసిన పిమ్మట మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడు కర్రసాము నేర్చుకొందునని పోరుచున్నాడు. రెండవ చెంప చూపుమని మీరే చెప్పితిరి గదా, కొట్టుట నేర్పించవచ్చునా?" అని యడిగెను. మేము ఆలోచింపకయే వలదంటిమి.

ఖమ్మము మెట్టపొలములనుండి భద్రాచలము అడవి వరకు మన పల్లెలకు ఇది క్రొత్త విద్య కాదు. దసరాకును పీర్ల పండుగకును కర్ర త్రిప్పుట పెద్దలెరిగినదే. కోయగూడెములలో వెదురు విల్లు ఇంటి సామానులో నొకటి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది, నేడు వేట నేరము. అయినను విల్లు పట్టుట పిల్లలు మరువలేదు. పట్టణములలో కరాటే తరగతులును వచ్చియున్నవి.

ఆ బాలుడు మా మాట వినక, మేనమామ వెంట పోయి నేర్చుకొనసాగెను. మందలించుదమని ఒకనాడు వెళ్లి, చింతచెట్టు క్రింద కూర్చుండి చూచితిమి. పదునైదు దినములైనను వాని చేతికి కర్ర యియ్యలేదట! నేల ఊడ్చి నీళ్లు చల్లుట, గురువునకు నమస్కరించుట, పిమ్మట అడుగులు. కుడికాలు, ఎడమకాలు, మోకాలి వంపు, మరల మొదటినుండి. ఆదివారపు బడిలో పావుగంట కుదురుగా కూర్చుండని పిల్లలు ఇచ్చట గంటసేపు నోరెత్తలేదు. మాకు సిగ్గు కలిగెను.

కర్ర చేతికి వచ్చిన వారములోనే వాడు తన్ను వెక్కిరించిన యొకని మోచేతిపై కొట్టెను. గురువు కేకలు వేయలేదు. కర్ర తీసికొని, దెబ్బ తిన్నవాని యింటికి తానే వెంటబెట్టుకొని పోయి క్షమాపణ చెప్పించెను. నెల దినములు చిన్నపిల్లల వరుసలో మరల అడుగులు వేయించెను. ఆ వరుసలో నిలుచుట వానికి బెత్తపు దెబ్బకన్న ఎక్కువగా తగిలినది.

కరాటేను ఓకినావానుండి 1922లో టోక్యోకు తెచ్చి చూపిన ఫునకోషి గిచిన్ (1868–1957) బడిపంతులు. నమస్కారముతో మొదలుపెట్టి నమస్కారముతో ముగింపవలెననియు, తాముగా మొదట చేయి ఎత్తరాదనియు ఆయన శిష్యులకు నేర్పెను.

ఇక పాఠమునకు వత్తము. కొరింథు దగ్గర రెండేండ్లకొకసారి ఇస్త్మియా ఆటలు జరుగుచుండెను. గెలిచినవానికి ఆకుల కిరీటము, అది వాడిపోవును. ఆ ఊరివారెరిగిన మల్లులనే పౌలు చూపి, తాను గాలిని కొట్టుటలేదనియు, తన శరీరమునే లోపరచుకొనుచున్నాననియు చెప్పెను. అనగా ఆయన దెబ్బ ఎదుటివాని మీద కాదు. కర్ర తీసివేయబడిన ఆ నెలలో మన బాలుడు నేర్చినది ఇదియే. ఏమియు చేయలేనివాడు ఊరకుండుట వేరు. కొట్టగలిగియు చేయి దించుట వేరు. రెండవ చెంప మాట చెప్పునప్పుడు మేము ఈ భేదమును తలపోయలేదు.

గురువులందరును ఇట్టివారు కారు. కొట్టివచ్చినవానిని భుజము తట్టి మెచ్చుకొనువారును, పార్టీ పంతములకు కుర్రవాండ్రను వాడుకొనువారును కలరు. కనుక తల్లిదండ్రులు రెండు సాయంకాలములు స్వయముగా పోయి చూడవలెను. బాలికలకెందుకని కొందరడుగుదురు. విజయవాడ బాలిక జ్యోతి సురేఖ విల్లు పట్టి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 3 బంగారు పతకములు తెచ్చినది.

మొన్న ఆ తల్లి యింటికి పోయి, మా జవాబు తప్పని ఒప్పుకొంటిమి. ఆమె నవ్వి, "వాని చెల్లెలు కూడ పోవుచున్నది అయ్యగారూ, మీరు కోపపడుదురని చెప్పలేదు" అనెను.