ఆమ్లపు ట్యాంకులకు లోపలి పూత: పంచాయతీలు తెలిసికొనవలసిన సంగతులు

ఇత్తడి గిన్నెలో పులుసు కాచబోవు గృహిణి ముందుగా దాని కళాయిని చూచుకొనును. కళాయి పోయిన గిన్నెలో పులుసు చిలుమెక్కి చెడునని ఆమె ఎరుగును. కర్మాగారములలో రసాయనములు నిలువచేయు ఉక్కు ట్యాంకులకును ఈ వివేకమే వర్తించును. అట్టి ట్యాంకులు గ్రామ పొలిమేరలో ఉన్నచో వాటి క్షేమము మన బావుల క్షేమము కూడ. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఆమ్లము ఉక్కును తిను విధము

హైడ్రోక్లోరిక్ ఆమ్లము తగిలినచో ఉక్కు కరగును. మండెడు హైడ్రోజను వాయువు వెలువడును. గంధకామ్లము, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లము, నడవడి వేరు. గాఢమైన గంధకామ్లము ఉక్కుపై ఇనుప సల్ఫేటు పొరను ఏర్పరచును. ఆ పొర నిలిచియున్నంతకాలము ఉక్కునకు అదియే కవచము. నీరు చేరి ఆమ్లము పలుచబడినచో పొర కరగిపోయి ఉక్కు వేగముగా క్షయించును. గాలిలోని తేమ చేరినను ఈ హాని కలుగవచ్చును. పలుచని ఆమ్లము మెత్తనిదని తలచుట పొరపాటు.

పూతలు, వాటి పరీక్ష

హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ట్యాంకులకు లోపల రబ్బరు అంటించుట వాడుక. దీని మందము సాధారణముగా 3 నుండి 6 మిల్లీమీటర్లు. కొన్ని రసాయనములకు గాజునార కలిపిన రెసిను పూత తగును. వేడి ఆమ్లములకు రబ్బరుపై ఆమ్లమున కోర్చు ఇటుకలను పేర్చెదరు. ఒకదానికి తగిన పూత మరియొకదానికి తగదు.

పూత వేయుటకు ముందు ఉక్కును గరుకు రేణువులతో కొట్టి తుప్పు పూర్తిగా తొలగింపవలెను. మరల తుప్పు పట్టకముందే పూయవలెను. పిదప విద్యుత్ స్ఫులింగముతో పరీక్షింపవలెను. సూదిమొనంత రంధ్రము మిగిలినను ఆమ్లము అచ్చటనే చొచ్చి ఉక్కును తొలుచును.

ఒక గుణపాఠము

అమెరికాలోని డెలవేర్ సిటీలో ఒక చమురుశుద్ధి కర్మాగారమున, తాజా గంధకామ్లమునకై కట్టిన ట్యాంకులో వాడిన ఆమ్లమును నింపిరి. అది క్షయించి చిల్లులు పడెను. కారుట పలుమార్లు కనిపించినను లోపలి పరీక్ష వాయిదా పడుచు వచ్చెను. 2001 జూలై 17న సమీపమున మరమ్మతు పనిలో లేచిన నిప్పురవ్వ ట్యాంకులోని ఆవిరులకు అంటుకొని ప్రేలుడు సంభవించెను. ఒక కార్మికుడు మరణించెను, ఎనమండుగురు గాయపడిరి. ఆమ్లము నదిని చేరి చేపలు, పీతలు చచ్చెను.

పంచాయతీల కర్తవ్యము

ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారము, తన వలన కలుగు అపాయములను, వాటి నివారణోపాయములను స్థానిక సంస్థకును, పరిసర ప్రజలకును తెలుపవలెనని 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేసిన సవరణ విధించెను. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతియందును ఈ విధి కలదు. కావున సభ్యులు సంకోచింపక అడుగవలెను: ట్యాంకులో ఉన్నదేమి? లోపలి పూత యేది? చివరి పరీక్ష ఎప్పుడు జరిగెను? కారిన ఆమ్లమును ఆపుటకు చుట్టును గట్టు కలదా? ట్యాంకు అడుగున తడి, తుప్పు మరకలు కనిపించినచో వెంటనే ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి వ్రాయవలెను.

ట్యాంకులు కడుగుటకు కూలికి పోవు మన యువకులకు ఒక మాట గట్టిగా చెప్పవలెను. లోపలి గాలిని పరీక్షింపక, బయట కావలి మనిషి లేక, ఎంత కూలి యిచ్చినను ట్యాంకులో దిగరాదు.

కళాయి పోయిన గిన్నెను ఇంట వాడనివ్వము. పూత చెడిన ట్యాంకును ఊరి ప్రక్కన ఉండనిచ్చుట తగునా?